నెల చందా, ఆటో స్టార్టర్ లెక్క

అమెరికా సర్వర్లలో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆడే మన కుర్రాళ్లకు మంగళవారం అచ్చిరాదు. ఆ గేమ్ సర్వర్లను వారానికోసారి మరమ్మతుకు ఆపేది ఆ రోజే. సాధారణంగా అమెరికా పడమటి తీరంలో ఉదయం 7 గంటలకు, అక్కడి జనం పనులకు బయలుదేరే వేళకు ఆపుతారు. మనకు అప్పుడు రాత్రి 7:30. చలికాలంలో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి 8:30. నల్గొండలో ఒకతను డ్యూటీ దిగి, ఇంత తిని, కంప్యూటర్ ముందు కూర్చునేది సరిగ్గా అప్పుడే. అక్కడ ఎవరికీ పెద్దగా అడ్డురాని గంట ఇక్కడివాళ్ల ఆట మీద పడుతుంది.

తెర మీద సర్వర్ అందుబాటులో లేదన్న మాట కనిపిస్తుంది. కాసేపటికి తిట్లు మొదలవుతాయి. వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది ఇది: ‘నెలనెలా పైసలు కడుతున్నం గదా!’

మన జిల్లాల్లో ఇలా కంప్యూటర్ మీద చందా కట్టి ఆడేవాళ్లు తక్కువే. మిర్యాలగూడలోనైనా, జడ్చర్లలోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా ఎక్కువమంది ఆడేది ఫోనులో, అదీ ఉచిత గేమే. అయితే ఉచిత గేముల్లోకి కూడా చందా దొడ్డిదారిన వచ్చింది. నెల మెంబర్‌షిప్ అంటారు, వారం మెంబర్‌షిప్ అంటారు, సీజన్ పాస్ అంటారు. కట్టినవాళ్లకు రోజూ కొన్ని డైమండ్లో కాయిన్లో ఇస్తారు, మంచి డ్రెస్సు ఇస్తారు, గడువు దాటితే ఆపేస్తారు. పేరు ఏదైనా అది చందాయే. అందుకే పై మాట ఫోను ఆటగాళ్ల నోటి నుంచీ వస్తుంది.

ఆ మాటను ఒకసారి పైసలతోనే లెక్క కట్టి చూడొచ్చు. నెలకు 300 రూపాయల చందా అనుకుందాం. రోజుకు పది రూపాయలు, గంటకు దాదాపు 42 పైసలు. సర్వర్ ఆరు గంటలు ఆగితే పోయినవి రెండున్నర రూపాయలు. రోజంతా ఎవరూ ఆడరు కదా, ఆడేది రాత్రి మూడు గంటలే కదా అని వాదించవచ్చు. ఆ వాదనలో న్యాయముంది. ఆ లెక్కన నెలకు 90 గంటల ఆట, గంటకు మూడు రూపాయల పైచిలుకు. ఒక రాత్రి ఆట మొత్తం పోయినా నష్టం పది రూపాయలు, అంటే క్లాక్ టవర్ దగ్గర ఒక చాయ్. చాయ్ ఒలికిపోయిందని మూడు గంటలు కోపంతో ఊగిపోయేవాళ్లు ఎవరూ ఉండరు. పోయింది పది రూపాయలే అయినప్పుడు అంత కోపం ఎక్కడిదన్నదే అసలు ప్రశ్న.

కోపానికి కారణం కంపెనీ నిర్లక్ష్యం కాదా అంటే, కొన్నిసార్లు అవును, చాలాసార్లు కాదు. ఆన్‌లైన్ గేమ్ అంటే లక్షల మంది ఒకేసారి చదువుతూ, రాస్తూ ఉండే ఒక పెద్ద ఖాతా పుస్తకం లాంటిది. ఎవరి దగ్గర ఏ కత్తి ఉంది, ఎవరికి ఎంత బంగారం ఉంది, ఎవరు ఏ మెట్టు దాటారు, అన్నీ ఆ డేటాబేస్‌లోనే. దాని నిర్మాణం మార్చాలన్నా, గేమ్‌లో కొత్త భాగం చేర్చాలన్నా, భద్రతకు సంబంధించిన లోపాన్ని పూడ్చాలన్నా చాలాసార్లు రాతలు ఆపాల్సిందే. కరెంటు లైను సంగతి మన దగ్గర అందరికీ తెలుసు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటాడు, అంటే ఆ లైనులో కరెంటు ఆపించుకుంటాడు. ఫలానా ఫీడర్ కింద ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా సరఫరా ఉండదని పేపర్లో వస్తుంది. చెట్ల కొమ్మలు కొట్టడానికి కరెంటు తీశారని ఊరంతా అర్థం చేసుకుంటుంది. సర్వర్ మెయింటెనెన్స్ కూడా ఎల్‌సీ లాంటిదే.

నెలలో ఎన్ని నిమిషాలు ఆగితే మంచి సేవ అనాలన్నదానికి ఈ రంగంలో ఒక కొలత ఉంది. 99.9 శాతం సమయం నడవడం అంటే ముప్పై రోజుల నెలలో 43 నిమిషాల ఆగుడు. 99 శాతం అంటే ఏడు గంటల పైన. వారానికి ఒక గంట ఆపే గేమ్ ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆసుపత్రికో బ్యాంకుకో ఇది చాలదు. ఆటకు చాలదని అనడం కష్టం.

నిజమైన అన్యాయాలు కూడా జరిగాయి, వాటిని కప్పిపుచ్చనక్కర్లేదు. 2011 ఏప్రిల్‌లో సోనీ గేమ్ యంత్రాల ఆన్‌లైన్ సేవ అయిన ప్లేస్టేషన్ నెట్‌వర్క్ మీద దాడి జరిగి, దాదాపు 7.7 కోట్ల ఖాతాల వివరాలు బయటి చేతుల్లో పడ్డాయి. నెట్‌వర్క్ మూడు వారాలకు పైగా మూతపడింది. అప్పుడు వినియోగదారులు నిలదీసింది ఆట పోయినందుకు మాత్రమే కాదు, తమ సమాచారం పోయినందుకు, ఆ విషయం ఆలస్యంగా చెప్పినందుకు. 2025 ఫిబ్రవరిలో ఒక శనివారం అదే నెట్‌వర్క్ దాదాపు ఒక రోజంతా ఆగిపోయింది. పరిహారంగా చందాదారులకు అయిదు రోజుల గడువు పెంచారు. ఒక రోజుకు అయిదు రోజులంటే పైసల లెక్కన లాభమే. అయినా కోపం చల్లారని వాళ్లు ఉన్నారు. వాళ్లు పోగొట్టుకున్నామనుకున్నది గడువు కాదు, ఆ శనివారం.

మన దగ్గర అతి పెద్ద ఆగుడు సర్వర్ చెడి రాలేదు, ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చింది. 2020 సెప్టెంబరు 2న పబ్జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించింది. అక్టోబరు 30తో ఇక్కడివాళ్లకు సర్వర్లు కూడా ఆగాయి. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది, 2022 జులైలో అది కూడా స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మే చివర్లో మళ్లీ వచ్చింది. ఇన్ని రాకపోకల్లో ఒక్క సంగతి తేలిపోయింది. పైసలు పెట్టి కొన్న డ్రెస్సులు, తుపాకుల రంగులు కొన్నవాడి ఆస్తి కావు. చందాతో వచ్చేది ఆడుకోవడానికి అనుమతి ఒక్కటే. ఇల్లు కొన్నామనుకుని కిరాయి కట్టినట్టు ఉంటుంది చాలామంది పరిస్థితి.

బాయికాడ నేర్చిన లెక్క

కోపం ఎక్కడిదో అర్థం కావాలంటే గేమ్ కంపెనీల దగ్గరికన్నా ముందు మన బోరుబావుల దగ్గరికి వెళ్లడం మంచిది.

నల్గొండ, పాలమూరు జిల్లాల్లో వ్యవసాయ మోటార్లకు 1980లలోనే మీటరు లెక్క పోయి, హార్స్ పవర్‌ను బట్టి ఇంత అని గుత్త రేటు వచ్చింది. 2004లో అదీ పోయి కరెంటు ఉచితమైంది. కానీ కరెంటు వచ్చేది కొన్ని గంటలే, పగలు కొంత, రాత్రి కొంత. ఏ గంటకు వస్తుందో నమ్మకం లేదు. అందుకని రైతులు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టారు. కరెంటు వచ్చిన మరుక్షణం మోటారు దానంతటదే తిరుగుతుంది. ఇందులో రైతు తప్పేమీ లేదు. ఎంత వాడినా ధర ఒకటే, దొరికే సమయం మాత్రం కొరత. అలాంటప్పుడు వచ్చినంతసేపూ నడపకపోతే నష్టపోయినట్టే అనిపిస్తుంది. మడి నిండినా మోటారు నడిచేది. భూగర్భ జలం ఏటా కిందికి జారింది. బోరు మీద బోరు వేసి అప్పుల పాలైన కుటుంబాలు ఈ జిల్లాల్లో కొల్లలు.

ఆన్‌లైన్ గేమ్ చందా సరిగ్గా ఈ రెంటినీ కలుపుతుంది. నెలకు గుత్త రేటు, లోపల మాత్రం కొరత. గేమ్ తనంతట తాను అపారమే, దాన్ని కొరతగా మార్చేది దాని తయారీ. ఈ రోజు టాస్కులు ఈ రోజే చేయాలి. ఏడు రోజులు వరుసగా లాగిన్ అయితేనే ఏడో రోజు బహుమతి. ఈ సీజన్ బట్టలు ఈ సీజన్‌లోనే, తర్వాత రావు. శనివారం సాయంత్రం రెండు గంటలే డబుల్ పాయింట్లు. అంటే ఆటగాడి మనసులోనే ఒక ఆటో స్టార్టర్ బిగిస్తారు. తలుపు తెరిచిన మరుక్షణం లోపలికి వెళ్లాలి, లేకపోతే ఏదో పోతుంది.

ఇక్కడ ‘గిట్టుబాటు’ అన్న మాట తిరగబడుతుంది. 300 రూపాయల చందా కట్టినవాడు నెలకు 30 గంటలు ఆడితే గంటకు పది రూపాయలు. 150 గంటలు ఆడితే గంటకు రెండే. ఎంత ఎక్కువ ఆడితే అంత చవక. ఈ లెక్కలో తన గంటకు విలువ సున్నా అని వేసుకుంటున్నట్టు ఆటగాడికి తోచదు. సినిమా టికెట్టుకు 200 పెట్టి మూడు గంటలు కూర్చునే కన్నా ఇదే నయం కదా అని చెప్పుకునే సమర్థన కూడా ఇదే. ఆ పోలిక తప్పని కాదు. పైసలకు దొరికే వినోదంలో గేమ్ చందా నిజంగానే చవక. కానీ సినిమా మూడు గంటలకు అయిపోతుంది, లైట్లు వేసి బయటికి పంపిస్తారు.

కట్టిన డబ్బు మనిషిని ఎలా లాగుతుందో 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక నాటకశాల సీజన్ టికెట్లతో పరీక్షించారు. కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు అమ్మారు. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర కట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వచ్చారు. నాటకం అందరికీ ఒకటే, తేడా పోయిన డబ్బులో ఉంది. దీనికి ఎదురుగా 2006లో వచ్చిన ఒక అధ్యయనం జిమ్‌ల గురించి. నెల మెంబర్‌షిప్ తీసుకున్నవాళ్లు నెలకు సగటున నాలుగుసార్లకు కాస్త పైన మాత్రమే వెళ్లి, ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా కట్టినట్టు తేలింది. పదిసార్ల పాస్ కొనుక్కుంటే ఒక్కో రాక పది డాలర్లతో అయిపోయేది. గుత్త రేటు మనిషిని రెండు రకాలుగా పడగొడుతుంది. కష్టమైన పనిలో కట్టి మరిచిపోతాడు, ఇష్టమైన పనిలో కట్టినందుకు కూరుకుపోతాడు.

ఇప్పుడు సర్వర్ ఆగిన రాత్రిని మళ్లీ చూస్తే కోపం అర్థమవుతుంది. పది రూపాయల చాయ్‌కి కాదు ఆ కోపం. ఆరు రోజుల వరుస తెగిపోతుందని, సీజన్ ఇంకా నాలుగు రోజులే ఉందని, గ్రూపులో మిగతావాళ్లు ముందుకు పోతారని. వీటిలో ప్రతి ఒక్కటీ కంపెనీ అల్లిన తొందరే. కాబట్టి ఆటగాడి బాధ అబద్ధం కాదు. అతను దానికి పెట్టిన పేరు తప్పు. ‘పైసలు కట్టినం’ అనేది కోపానికి దొరికిన మర్యాదైన పేరు.

ఊళ్లో మోటార్లన్నీ ఆటో స్టార్టర్లతో ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. మరమ్మతు అయి సర్వర్ తెరుచుకున్న క్షణాన లక్షల మంది ఒకేసారి లాగిన్ కొడితే క్యూలు పడటం, సర్వర్ మళ్లీ కూలడం కూడా అలాంటిదే. మరమ్మతు పొడిగించారని తిట్టేవాళ్లకు ఆ పొడిగింపులో తమ వాటా కూడా ఉందని తెలియదు.

వ్యసనం అనాలంటే

రోజుకు నాలుగు గంటలు ఆడే ప్రతి కుర్రాడినీ వ్యసనపరుడు అనేయడం మన ఇళ్లలో మామూలైంది. వైద్యం అంత తేలిగ్గా ఆ మాట అనదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల వర్గీకరణలో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చింది. అందులో గంటల లెక్క లేదు. ఆట మీద అదుపు తప్పడం, తిండి, నిద్ర, చదువు, పని అన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కళ్ల ముందు కనిపిస్తున్నా కొనసాగించడం, ఈ మూడూ ఉండాలి. సాధారణంగా ఏడాది పాటు ఉండాలి, జీవితం గట్టిగా దెబ్బతిని ఉండాలి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ఇచ్చిన తొమ్మిది లక్షణాల జాబితాలో మాత్రం, ఆట దూరమైనప్పుడు వచ్చే చిరాకు, ఆందోళన, దిగులు ఒకటి. ఏడాదిలో అయిదు లక్షణాలైనా కనిపిస్తేనే ఆలోచించాలని వాళ్లన్నారు. కాబట్టి సర్వర్ ఆగినప్పుడు విసుక్కున్నవాడు రోగి కాడు. కరెంటు పోతే సీరియల్ ఆగిపోయిందని విసుక్కునే ఇంటి పెద్దలు కూడా రోగులు కారు.

అయినా ఆ రాత్రి పనికొచ్చేదే. మామూలు రోజుల్లో ఎంత ఆడుతున్నాడో మనిషికి తెలియదు, గంటలు కలిసిపోతాయి. ఆట లేని సాయంత్రం అంచులు బయటపెడుతుంది. పది నిమిషాలు గొణిగి, బండి తీసుకుని దోస్తుల దగ్గరికి వెళ్లిపోయేవాడు ఒక రకం. రెండు నిమిషాలకోసారి రిఫ్రెష్ కొడుతూ, అన్నానికి పిలిచిన అమ్మ మీద అరిచి, తెల్లవారు రెండింటి దాకా అలాగే కూర్చున్నవాడు మరో రకం. ఇద్దరూ కట్టింది ఒకే చందా.

రాత్రి కరెంటు కోసం బాయికాడ మంచం వేసుకుని పడుకున్న తరం ఈ జిల్లాల్లో ఇంకా ఉంది. వాళ్లలో పాము కాటుకు, కరెంటు షాకుకు పోయినవాళ్లున్నారు. ఆ తండ్రులకు రాత్రంతా సర్వర్ కోసం మేలుకునే కొడుకు వింతగా, కొంత అవమానంగా కూడా కనిపిస్తాడు. దెప్పిపొడుపులకు అదే మూలం. దాంతో ఏ ఇంట్లోనూ గేమ్ ఆగినట్టు కనబడదు. ఫోను గుంజుకుంటే తండ్రి ఫోనులో, అదీ లేకపోతే దోస్తు ఫోనులో ఆడతారు. చట్టాలు కూడా ఇంతకన్నా పెద్దగా సాధించలేదు. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్ల లోపు పిల్లలకు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా ఆన్‌లైన్ గేములు మూసేసింది. పదేళ్లు నడిపి, 2021లో ఆ చట్టాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. చైనా అదే ఏడాది పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే అని మరింత బిగించింది. బీజీఎంఐ 2023లో తిరిగొచ్చినప్పుడు పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు రోజుకు మూడు గంటలు, మిగతావాళ్లకు ఆరు గంటలు అని హద్దు పెట్టారు. ఆరు గంటలు హద్దు అన్నారంటే అంతకు మించి ఆడేవాళ్లు ఎంతమందో ఊహించుకోవచ్చు.

చందా గేమును, పందెం గేమును ఒకే గాటన కట్టడం ఇంకో పొరపాటు. ఆన్‌లైన్ రమ్మీలో పొలం కాగితాలు తాకట్టు పెట్టినవాడి కథ వేరు, నెలకు 300 కట్టి నిద్ర పోగొట్టుకున్నవాడి కథ వేరు. తెలంగాణ 2017లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం గేములను దేశమంతా నిషేధించింది. అదే చట్టం, గెలిస్తే డబ్బు వస్తుందన్న ఆశతో కట్టే పందెం కానంత వరకు, చందా కట్టి ఆడే గేములకు అడ్డు చెప్పలేదు. అంటే చందా గేముల్లో హద్దు గీసే పని చట్టం తీసుకోలేదు, ఇంటికే వదిలింది.

ఇంట్లో ముందు చూడాల్సింది చందా రేటు కాదు. ఫోను ఈఎంఐ, డేటా రీచార్జి, ఆటలో అప్పుడప్పుడూ కొనే డైమండ్లు కలిపితే అసలు ఖర్చు బయటపడుతుంది. యూపీఐ ఆటోపే పెట్టి మరిచిపోయిన చందాలు కూడా ఉంటాయి. డబ్బు కోసే ముందు రోజు మెసేజ్ రావాలని నిబంధన ఉంది, వస్తుంది కూడా. ఆఫర్ల మెసేజ్‌ల మధ్య దాన్ని ఎవరూ చదవరు. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిస్తే ఏ చందా ఎప్పుడు కోస్తుందో వరుసగా కనిపిస్తుంది, అక్కడే రద్దు చేసుకోవచ్చు. ఆటోపే తీసేసి ప్రతి నెలా చేత్తో కట్టడం మొదలుపెడితే, ఈ నెల నిజంగా కావాలా అన్న ప్రశ్న ఏడాదికి పన్నెండుసార్లు వస్తుంది. పరీక్షలున్న నెల, పెళ్లిళ్ల నెల, వరికోతల నెల వదిలేసినవాళ్లకు గేమ్ ఎక్కడికీ పోదని తెలుస్తుంది. తిరిగి రమ్మని బహుమతులు ఇచ్చేది కూడా మానేసినవాళ్లకే.

ఇంతకు మించి చేయి దాటిందనిపిస్తే 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ సలహాదారులు తెలుగులో మాట్లాడతారు. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్యులున్నారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ఫోను, గేముల వాడకం అదుపు తప్పినవాళ్ల కోసం 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. పాలమూరు నుంచి బెంగళూరుకు నేరుగా రైలు ఉంది.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇస్తూ, ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులు ఊరూరా తిరిగి చెప్పారు. కరెంటు ఎప్పుడూ ఉంటుందన్నా చాలామంది వెంటనే తీయలేదు, పాత భయం పోలేదు. ఫోనులో ఆ స్టార్టర్ సెట్టింగుల్లో, నోటిఫికేషన్లు అన్న చోట, గేమ్ పేరు ఎదురుగా ఉంటుంది.